బోర్డు పెరిగితే ఆట కష్టమవుతుందా?

నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, చింతపిక్కలో గవ్వలో గులకరాళ్లో ముందేసుకుని ఆడే ఆటలు తెలుగువాళ్లకు కొత్త కావు. అష్టాచెమ్మా, దాడి, పులి-మేక తెలియని ఇల్లు ఒకప్పుడు అరుదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఇవి సొంత ఆటలే. ఈ ఆటల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఒక మాటను పెద్దగా ఆలోచించకుండానే ఒప్పేసుకుంటారు: పటం పెద్దదైన కొద్దీ ఆట కష్టమవుతుంది, చిన్న పటం పిల్లలకు, పెద్ద పటం ఆరితేరినవాళ్లకు. పైకి న్యాయంగానే కనిపించే ఈ నమ్మకాన్ని నిగ్గుతేల్చాలంటే, నియమం ఒక్కటీ మార్చకుండా బోర్డును మాత్రమే పెంచడానికీ తగ్గించడానికీ వీలైన ఆట కావాలి. చైనాలో పుట్టి కొరియా, జపాన్‌లలో పెరిగిన గో సరిగ్గా అలాంటి ఆట. అది చెప్పే సమాధానం మన నమ్మకం కంటే లోతైనది. బోర్డు పెరిగినప్పుడు మనిషికి నిజంగా బరువయ్యేది ఎత్తుల లెక్క కాదు, ఏది ముందు ఏది వెనక అని తేల్చుకునే అంచనా. ఆ బరువు కూడా బోర్డుతోపాటు అంతూపొంతూ లేకుండా పెరుగుతూ పోదు.

మన ఆటలతోనే ఈ పరీక్ష ఎందుకు చేయకూడదన్నది ముందు చూడాలి. అష్టాచెమ్మాను అయిదు గళ్ల చదరం మీదా ఆడతారు, ఏడు గళ్ల చదరం మీదా ఆడతారు. గళ్లు 25 నుంచి 49కి పెరుగుతాయి, కాయ తిరిగే దారి పొడవవుతుంది, ఆట మరింతసేపు సాగుతుంది. కానీ ఎత్తును నడిపేది గవ్వల పందెం కాబట్టి ఆలోచన పెద్దగా మారదు. ఆట పొడవు పెరగడం వేరు, కష్టం పెరగడం వేరని ఇక్కడే తెలిసిపోతుంది. పులి-మేకలో పందెం లేదు, అంతా ఆలోచనే. కానీ మూడు పులులు, పదిహేను మేకలు, 23 చోట్లు అన్న పొందికలో చోట్లను పెంచితే పులులూ మేకలూ ఎన్నుండాలో మళ్లీ తేల్చుకోవాలి, అంటే ఆటే మారిపోతుంది. చెరో తొమ్మిది కాయలతో 24 చోట్ల మీద ఆడే దాడిదీ అదే సంగతి. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే దాడి ఎవరూ గెలవకుండా ముగుస్తుందని రాల్ఫ్ గాసర్ అనే పరిశోధకుడు 1993లో కంప్యూటర్‌తో నిరూపించాడు. చదరంగాన్ని పది గళ్లకు పెంచితే గుర్రం దూకే దూరం అంతే ఉంటుంది, ఏనుగూ శకటూ మాత్రం మరింత దూరం పరిగెడతాయి, బలాబలాలు తారుమారవుతాయి. ఈ ఆటల్లో బోర్డు మారితే దానితోపాటు ఇంకేదో మారుతుంది. అందుకే కష్టం దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పలేం.

గోలో ఆ చిక్కు లేదు. అడ్డంగా, నిలువుగా గీతలు గీసిన బోర్డు మీద ఒకరు నల్లరాళ్లు, ఒకరు తెల్లరాళ్లు వంతులవారీగా పెడతారు. రాయిని గడిలో కాకుండా గీతలు కలిసే చోట పెడతారు. పెట్టిన రాయి కదలదు. ఒక రాయికిగానీ, కలిసి ఉన్న రాళ్ల గుంపుకుగానీ ఆనుకున్న ఖాళీ చోట్లన్నిటినీ ఎదుటివారు మూసేస్తే అవి బోర్డు మీద నుంచి తొలగిపోతాయి. చివరికి తన రాళ్లతో ఎవరు ఎక్కువ జాగా చుట్టుకుంటే వారిదే గెలుపు. అసలు ఆట 19 గీతల బోర్డు మీద, అంటే 361 చోట్ల మీద జరుగుతుంది. 13 గీతల బోర్డులో 169, తొమ్మిది గీతల బోర్డులో 81 చోట్లు ఉంటాయి. మూడింటి మీదా నియమాలు ఒక్కటే, రాళ్లు ఒక్కటే. మారేది బోర్డు కొలత మాత్రమే కాబట్టి ఆటలో వచ్చే ప్రతి తేడాకూ కారణం ఆ కొలతే.

పెద్ద బోర్డే కష్టమనేవాళ్లు ముందుగా అంకెలు చూపిస్తారు. గోలో నియమాలకు లోబడి ఏర్పడగల స్థితులు ఎన్ని అన్న లెక్కను జాన్ ట్రాంప్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేశాడు. తొమ్మిది గీతల బోర్డుకు ఆ సంఖ్య సుమారుగా 1 పక్కన 38 సున్నాలు. 13 గీతలకు 79 సున్నాల స్థాయి దాటుతుంది. 19 గీతల బోర్డుకు 2016లో తేలిన కచ్చితమైన సంఖ్యలో 171 అంకెలున్నాయి. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువులన్నీ కలిపినా 1 పక్కన 80 సున్నాల దరిదాపుల్లోనే ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. ఇంత తేడా కళ్లముందుంటే ఇంకా వాదన దేనికి అనిపించవచ్చు. అయితే ఈ అంకెలను మనిషి వైపు నుంచి చూడాలి. సెకనుకు 100 కోట్ల స్థితులు చూసే యంత్రమైనా, తొమ్మిది గీతల బోర్డు స్థితులన్నీ చూడటానికి దానికి పట్టే ఏళ్లు 1 పక్కన 21 సున్నాలకు మించుతాయి. అంటే చిన్న బోర్డు దగ్గరే లెక్క మనిషి చేయి దాటిపోయింది. నడుములోతు దాటలేని మనిషికి ఎదుట ఉన్నది చెరువైనా సముద్రమైనా మునిగే లోతే. 38 సున్నాలను ఎలాగూ లెక్కించలేని మనిషికి 170 సున్నాలు వచ్చి కొత్తగా చేసే హాని ఏమిటి? పెద్ద బోర్డు మీద ఆటగాడు వేరే రకం కష్టాన్ని ఎదుర్కొంటున్న మాట నిజం. దాని మూలం మాత్రం ఈ సున్నాలలో లేదు.

లెక్కే కష్టాన్ని తేల్చే చోటు ఒకటుంది. అది మరీ చిన్న బోర్డు. అయిదు గీతల బోర్డు మీద గోను నెదర్లాండ్స్ పరిశోధకుడు ఎరిక్ వాన్ డెర్ వెర్ఫ్ 2002లో పూర్తిగా ఛేదించాడు. నల్లరాళ్ల ఆటగాడు మొదటి రాయిని నడిమధ్యన పెట్టి, ఆపై తప్పు చేయకపోతే, 25 చోట్లూ అతనివే. తెల్లరాళ్లకు బతికే జాగా ఒక్కటీ మిగలదు. అక్కడ ఆట ముందే అయిపోయింది, మిగిలింది జ్ఞాపకమే. తొమ్మిది గీతలకు వచ్చేసరికి ఆ పరిస్థితి పోతుంది. మొదట ఎత్తు వేసేవారికి ఉండే లాభానికి పరిహారంగా తెల్లరాళ్లవారికి అదనపు పాయింట్లు ఇస్తారు. 19 గీతల ఆటకు ఇది జపాన్‌లో ఆరున్నర, చైనాలో ఏడున్నర. తొమ్మిది గీతల మీద కూడా న్యాయమైన పరిహారం సుమారు ఏడేనని నేటి బలమైన కంప్యూటర్ల ఆటలు సూచిస్తున్నాయి. అదే ఏడు పాయింట్లు 81 చోట్ల ఆటలో పన్నెండో వంతు, 361 చోట్ల ఆటలో యాభయ్యో వంతు. చిన్న బోర్డు మీద ఒక్కొక్క ఎత్తు ఎంత బరువైనదో ఈ పోలికే చెబుతుంది.

ఆ బరువే చిన్న బోర్డును కఠినం చేస్తుంది. తొమ్మిది గీతల మీద రాయి ఎక్కడ పెట్టినా అది వెంటనే ఎదుటివారి రాయికి తగులుతుంది. మొదటి నాలుగైదు ఎత్తులకే పోరు మొదలై బోర్డంతా ఒకే యుద్ధమవుతుంది. నలభై, యాభై ఎత్తుల్లో ముగిసే ఆటలో ఒక్క రాయి తప్పిన చోట పడితే, దాన్ని సరిదిద్దుకోవడానికి ఇంకో మూల ఉండదు. 19 గీతల ఆటలో రెండు వందలకు పైగా ఎత్తులు పడతాయి. ఒక మూల పోయినా మిగిలిన మూడు మూలల్లో, అంచుల్లో, నడుమ నిలదొక్కుకోవడానికి అవకాశం ఉంటుంది. ఈ కోణంలో చూస్తే క్షమించేది పెద్ద బోర్డు, క్షమించనిది చిన్న బోర్డు. కొన్ని ఎత్తుల తరువాత ఏం జరుగుతుందో మనసులోనే చూసి, ఒక్క చోటు కూడా తప్పకుండా చదవగలగడమే చిన్న బోర్డు అడిగే నేర్పు. కాబట్టి చిన్న బోర్డు తేలిక అన్న మాట ఆట కాసేపట్లో అయిపోతుంది అన్నంతవరకే నిజం.

మరి పెద్ద బోర్డు కొత్తగా ఏం అడుగుతుంది? ఒకేచోట జరిగే పోరును చదవడం రెండింటికీ ఉమ్మడే. పెద్ద బోర్డు మీద అలాంటి పోరులు అయిదారు ఒకేసారి నడుస్తుంటాయి, వాటిలో ఏదీ పూర్తికాదు. ఇక్కడ ఇప్పుడే జవాబు ఇవ్వాలా, దీన్ని వదిలి ఖాళీగా ఉన్న ఆ మూలకు ముందు వెళ్లాలా అన్న ప్రశ్న ప్రతి ఎత్తుకూ ఎదురవుతుంది. హౌరా–నాగ్‌పూర్ మెయిన్ లైన్ నుంచి కట్నీ లైన్ విడిపోయే బిలాస్‌పూర్ లాంటి జంక్షన్‌లో ఉన్నవారికి ఈ తేడా చెప్పనక్కర్లేదు. చిన్న స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్ తన లైన్ల మీద బండిని ఒక్క పొరపాటూ లేకుండా నడపాలి. డివిజన్ కంట్రోల్ ఆఫీసులో కూర్చున్న సెక్షన్ కంట్రోలర్ అలాంటి స్టేషన్లన్నిటినీ కలిపి చూస్తూ, ఏ బొగ్గు గూడ్సును లూప్ లైన్లో ఆపి ఏ ఎక్స్‌ప్రెస్‌ను ముందు పంపాలో తేల్చాలి. రెండో పని మొదటి పనిని పదింతలు చేస్తే వచ్చేది కాదు, దాని స్వభావమే వేరు. 19 గీతల బోర్డు కష్టం కూడా ఈ రెండో రకానిదే.

ఇది మాట వరసకు చెప్పే సంగతి కాదని బోర్డు జ్యామితే రుజువు చేస్తుంది. ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోగల లెక్క ఇది. గో ఆటగాళ్లకు ఆరంభంలో రెండు గీతలు ముఖ్యం. అంచు నుంచి మూడో గీత మీద రాళ్లు పెడితే అంచు వైపు జాగా మన సొంతమవుతుంది. నాలుగో గీత మీద పెడితే నడిబోర్డు మీద పట్టు వస్తుంది. 19 గీతల బోర్డు చుట్టూ మూడో గీత నిండా రాళ్లు పేర్చాలంటే 56 రాళ్లు కావాలి, వాటికీ అంచుకూ మధ్య 136 చోట్లు దక్కుతాయి. నాలుగో గీత నిండా పేర్చాలంటే 48 రాళ్లు చాలు, లోపల 121 చోట్లు దక్కుతాయి. రెండు చోట్లా ఒక్కో రాయికి ఇంచుమించు రెండున్నర చోట్లు. ఇప్పుడు బోర్డును తగ్గించి చూడండి. 13 గీతల మీద అంచుకు 88 చోట్లు, నడుమకు 25. తొమ్మిది గీతల మీద అంచుకు 56, నడుమకు ఒకే ఒక్క చోటు. చిన్న బోర్డు మీద అంచుదే ఎదురులేని రాజ్యం, అక్కడ ఎటు మొగ్గాలన్న ప్రశ్నే పుట్టదు. 19 గీతల మీద రెండూ దాదాపు సమానం కాబట్టి ఏది మేలో తేల్చుకోలేక మనసు ఊగుతుంది. చేతికి వచ్చే జాగాను ఇప్పుడే పట్టుకోవాలా, రేపటి బలం కోసం దాన్ని వదులుకోవాలా అన్న ఈ తూకమే గోకు ప్రాణం, పెద్ద బోర్డు తెచ్చిపెట్టే అసలు కష్టం కూడా.

చరిత్ర కూడా ఈ వాదనకే సాక్ష్యం చెబుతుంది. చైనాలోని హెబెయ్ ప్రాంతం, వాంగ్‌దులో తూర్పు హాన్ వంశ కాలపు సమాధిలో 1952లో దొరికిన రాతి బోర్డుకు 17 గీతలే ఉన్నాయి. టిబెట్ సంప్రదాయంలో కూడా 17 గీతల బోర్డే ఉంది. అక్కడ కొన్ని రాళ్లను ముందే పరిచి ఆట మొదలుపెడతారు. అన్‌యాంగ్‌లో క్రీ.శ. 595 నాటి సమాధిలో దొరికిన పింగాణీ బోర్డుకు మాత్రం 19 గీతలున్నాయి. 17 గీతల లెక్క వేస్తే అంచుకు 120, నడుమకు 81 చోట్లు వస్తాయి, అంటే త్రాసు ఇంకా అంచు వైపే మొగ్గుతోంది. రెండు గీతలు పెరగ్గానే అది దాదాపు సమంగా నిలిచింది. ఆ తరువాత పధ్నాలుగు వందల ఏళ్లలో రాజ్యాలు మారాయి, ఆట దేశాలు దాటింది, బోర్డు కొలత మాత్రం మారలేదు. తరతరాల ఆటగాళ్లు ఆడి ఆడి ఖాయం చేసిన కొలత అది.

పెద్దదైన కొద్దీ కష్టమే అయితే 19 దగ్గర ఎందుకు ఆగడం, 21 గీతలతో ఆడితే ఇంకా కష్టం కదా అని అడగవచ్చు. అదే లెక్క ఇక్కడా వేద్దాం. 21 గీతల బోర్డు మీద అంచుకు 152 చోట్లు, నడుమకు 169. పైగా నడుమను చుట్టడానికి పట్టే రాళ్లు 56, అంచుకు పట్టేవి 64. త్రాసు రెండో వైపుకు ఒరిగిపోయింది. ఇంకా పెంచుతూ పోతే నడుమ లాభం పెరుగుతూనే ఉంటుంది, ఎటు మొగ్గాలన్న తర్జనభర్జన అంతకంతకూ పలచబడుతుంది. ఆట గంటల తరబడి సాగుతుంది, స్థితుల సంఖ్యకు సున్నాలు చేరుతూనే ఉంటాయి, ఆటగాడు అలసిపోతాడు. ఏడు గళ్ల అష్టాచెమ్మా దగ్గర చూసిన తేడాయే ఇక్కడా కనిపిస్తుంది: పొడవు పెరిగింది, లోతు పెరగలేదు.

ఈ వాదనకు అన్నిటికంటే గట్టి అభ్యంతరం కంప్యూటర్ల వైపు నుంచి వస్తుంది. 64 గళ్ల చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను డీప్ బ్లూ అనే కంప్యూటర్ 1997లోనే ఓడించింది. గోలో 2008లో మోగో అనే ప్రోగ్రామ్ వందలాది ప్రాసెసర్లున్న సూపర్ కంప్యూటర్ మీద నడిచి, ఒక వృత్తి ఆటగాడి మీద గెలవడానికి తొమ్మిది రాళ్లు ముందే పరుచుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది, 2009లో, ఫ్యూగో అనే ప్రోగ్రామ్ తొమ్మిది గీతల బోర్డు మీద అత్యున్నతమైన తొమ్మిదో డాన్ స్థాయి వృత్తి ఆటగాణ్ని ఏ సాయమూ లేకుండా ఓడించింది. 19 గీతల మీద అగ్రశ్రేణి ఆటగాడు ఓడటానికి 2016 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ 18 అంతర్జాతీయ టైటిళ్లు గెలిచిన లీ సెడాల్‌ను సియోల్‌లో 4-1తో ఓడించింది. నియమాలు అవే అయినా చిన్న బోర్డుకూ పెద్ద బోర్డుకూ మధ్య ఏడేళ్లు పట్టాయంటే, పరిమాణమే కష్టమని దీనితో తేలలేదా? ఆ ఏడేళ్లను దాటించింది ఏమిటో చూస్తే జవాబు దొరుకుతుంది. యంత్రాల వేగం ఒక్కటే చాలి ఉంటే మోగో వెనకున్న వందల ప్రాసెసర్లే ఎంతో దూరం తీసుకెళ్లేవి. ఆల్ఫాగోలో కొత్తగా వచ్చింది, బోర్డును చూసి ఏ ఎత్తులు ఆలోచించదగ్గవో, మొత్తం మీద ఎవరిది పైచేయో అంచనా వేయడం నేర్చుకున్న నాడీజాలాలు (న్యూరల్ నెట్‌వర్క్‌లు). అంటే యంత్రం కూడా పెద్ద బోర్డును గెలిచింది అంచనా నేర్చుకున్నాకే. బోర్డు గీతలను ఎంతైనా పెంచుకుంటూ పోతే లోపం లేని ఆటను కనుగొనే శ్రమ విపరీతంగా పెరుగుతుందని జె. ఎం. రాబ్సన్ అనే పరిశోధకుడు 1983లో గణితపరంగా నిరూపించిన మాట నిజమే. ఆ ఫలితం లోపం లేని ఆట గురించినది. మనుషులు ఆడేది ఎన్నడూ అలాంటి ఆట కాదు.

లీ సెడాల్‌తో పోటీ రెండో ఆటలో ఆల్ఫాగో వేసిన 37వ ఎత్తు ఈ సంగతికి మంచి ఉదాహరణ. మూడో గీత, నాలుగో గీత అని శతాబ్దాలుగా ఆటగాళ్లు పాటిస్తున్న తూకాన్ని పక్కనపెట్టి అది రాయిని అయిదో గీత మీద పెట్టింది. వ్యాఖ్యానిస్తున్న నిపుణులు మొదట దాన్ని పొరపాటనుకున్నారు. ఆట ముందుకు సాగాక అది గొప్ప ఎత్తని ఒప్పుకున్నారు. ఆరంభంలోనే మూలలో మూడో గీతలు కలిసే చోటుకు చొరబడటం తప్పని పాత పాఠం. కంప్యూటర్ల ఆటలు చూశాక ఇప్పుడు అగ్రశ్రేణి ఆటగాళ్లు దాన్ని మామూలుగా ఆడుతున్నారు. ఒకేచోటి పోరును చదవడంలో ఆ మహామహులు వెనకబడ్డవాళ్లు కారు. బోర్డంతటినీ తూచడంలో మాత్రం మనిషి వేల ఏళ్ల అనుభవం తరువాత కూడా కొన్ని చోట్ల తప్పాడని తేలింది. పెద్ద బోర్డు కష్టం ఎక్కడ దాగి ఉందో దీనికంటే స్పష్టంగా చెప్పే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం బోధన వైపు నుంచి వస్తుంది. చిన్న బోర్డు తేలిక కాకపోతే కొత్తవాళ్లకు తొమ్మిది గీతలతోనే ఎందుకు నేర్పుతారు? అక్కడ తప్పుకు ఫలితం వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి. రాయి ఎందుకు చిక్కింది, గుంపు ఎందుకు బతకలేదు అన్నది నాలుగైదు ఎత్తుల్లోనే తెలుస్తుంది. ఒక సాయంత్రం నాలుగు ఆటలు ఆడి నాలుగు పాఠాలు నేర్చుకోవచ్చు. 19 గీతల మీద మొదటిరోజే కూర్చోబెడితే ఓడిపోవడానికి కారణమైన ఎత్తు ఏదో కూడా పిల్లలకు తెలియదు. అయితే చిన్న బోర్డు మీదే ఏళ్లు గడిపినవారికి ప్రతి చోటా పోరాడటమే అలవాటవుతుంది, వదులుకోవడం రాదు. అందుకే తొమ్మిది, 13, 19 అన్న వరుసను కష్టం పెరిగే మెట్లుగా కాకుండా ఒక్కో నేర్పును ఒక్కో బోర్డు మీద సంపాదించుకునే దారిగా చూడాలి. మొదటిది చదవడం నేర్పుతుంది, చివరిది తూచడం నేర్పుతుంది. 13 గీతల బోర్డు మీద ఈ రెండూ మొదటిసారి కలుస్తాయి.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ, పండగలకు పిల్లల పోటీలు పెట్టే తెలుగు సంఘాలకూ ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. పెద్ద బోర్డు ముందు కూర్చున్న పిల్లవాడు ఎక్కువ తెలివైనవాడనీ, చిన్న పటం ముందు కూర్చున్న పిల్ల ఇంకా ఎదగాలనీ తీర్పు చెప్పకండి. 23 చోట్ల పులి-మేకలో మేకల వైపు ఆడి పులులను కట్టేసిన పిల్ల చేసింది చిన్న పని కాదు. గో నేర్పాలనుకుంటే ఖరీదైన సామాను అక్కర్లేదు. అట్టముక్క మీద తొమ్మిది అడ్డగీతలు, తొమ్మిది నిలువుగీతలు గీసి, చింతపిక్కలు ఒకరికీ గులకరాళ్లు ఒకరికీ ఇవ్వండి. పోరును చదవడం వచ్చిందని తోచాక 13 గీతలకు, అక్కడ వదులుకోవడం వచ్చాక 19 గీతలకు తీసుకెళ్లండి. ఆట కష్టాన్ని గళ్లు లెక్కపెట్టి కొలవకండి, ఆ గళ్ల మీద పిల్లలు ఏం తేల్చుకోవలసి వస్తోందో చూసి కొలవండి.